చెన్నైలో ‘అవసరం’

సంపాదకులకు నమస్కారం.

చెన్నైలో మా అమ్మాయి ఇంటి పక్కనున్న మందుల దుకాణంలో ‘దగ్గు మందు అవసరం’ అన్నాను. బిల్లు రాస్తున్నవాడల్లా కుర్రాడు కలం పడేసి, ఒక్క ఉదుటున లేచి సీసా తెచ్చి నా చేతిలో పెట్టాడు. తమిళంలో ‘అవసరం’ అంటే తొందరట! కన్నడంలోనూ అంతే. మలయాళంలో ‘అవసరం’, హిందీలో ‘అవసర్’ అంటే అవకాశం. సంస్కృతంలోని ‘అదను, సందర్భం’ అనే అర్థానికి ఇవే దగ్గర. ‘కావలసి ఉండటం’ మన తెలుగు వాడుక. అయినా ఆసుపత్రి గుమ్మం మీద ‘అత్యవసర విభాగం’ అన్నచోట మన మాటలోనూ ఆ తొందర వినిపిస్తుంది.

ఇలాంటి మాటలు పిల్లల పేజీలో వారానికొకటి వేయండి. మా మనవడు తెలుగు, తమిళం రెండూ నేర్చుకుంటున్నాడు. వాడికోసం కత్తిరించి దాస్తాను.

– ఒక పాఠకురాలు, నెల్లూరు