ఎగువ అహోబిలం కొండదారి గురించి బహిరంగ లేఖ

ఈ దారి బాధ్యత చూస్తున్న అధికారి గారికి,

అయ్యా, నమస్కారం. నా వినతిపత్రాలకు జవాబు రానందున నలుగురి ఎదుట ఈ లేఖ రాస్తున్నాను.

నవ నారసింహ క్షేత్రాల దర్శనానికి నల్లమలకు వచ్చే కుటుంబాలు, పసిపిల్లలను చంకనెత్తుకుని, పెద్దల చేతికి ఊతకర్ర ఇచ్చి, భవనాశిని వాగు వెంబడి బండరాళ్ల మీదుగా జ్వాలా నరసింహస్వామి సన్నిధి దాకా నడుస్తాయి. పిల్లలకు అడవినీ కొండగుహలనూ ఇంత దగ్గరగా చూపే నడక రాయలసీమలో మరొకటి నాకు తెలియదు. అయితే వాగు దాటే చోట రాళ్లు నాచు పట్టి ఉన్నాయి, పట్టుకుందామంటే కమ్మీ ఊగిపోతోంది. మా అత్తగారు అక్కడే జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. డోలీ మోసేవారే ఆమెను కిందికి దించారు. అంతవరకూ చేతికి కట్టు కట్టే దిక్కు లేదు. ఆ చేత్తో ఆవిడ ఈనాటికీ బిందె ఎత్తలేరు.

అడవిని చెక్కి సిమెంటు దారి వేయమని అడగడం లేదు, అడవి అడవిగానే ఉండాలి. వానాకాలానికి ముందే కమ్మీలను బిగించండి. దారి చీలే చోటల్లా దూరమూ, ఎక్కుడు ఎంత కష్టమో తెలిపే తెలుగు బోర్డులు పెట్టండి. ఎగువన ప్రథమ చికిత్స తెలిసిన మనిషిని ఉంచండి. దారి ఎరిగిన స్థానిక చెంచు యువతకు శిక్షణ ఇచ్చి ఆ పని అప్పగిస్తే మరీ మేలు. వాగు పొంగిన రోజున ఆ సంగతి దిగువ అహోబిలంలోనే యాత్రికులకు తెలియాలి.

ఈ పనులు ఏ తేదీలోగా పూర్తిచేస్తారో రాతపూర్వకంగా తెలియజేయగలరని ప్రార్థన.

ఇట్లు,
ఒక యాత్రికుడు