ముందే వెళ్ళి నిలబడొద్దని చెప్పు

ఒరేయ్ శీనూ,

నీ దగ్గర ఫుట్‌బాల్ నేర్చుకునే పిల్లల ఆట అంటూ నువ్వు పంపిన వీడియో మూడుసార్లు చూశాను. పిల్లలు ఆ దుమ్ములో అలా ఉరుకుతుంటే చాలా ముచ్చటేసింది. వింగ్‌లో, అంటే గ్రౌండు పక్క అంచున, అంత బాగా దూసుకెళ్తున్నారు, అక్కణ్నుంచి గోల్ ముందుకి కొట్టే క్రాసులూ పడుతున్నాయి, మరి గోల్ ఎందుకు రావట్లేదని కదా నీ బాధ? నీ చూపంతా క్రాస్ కొట్టేవాడి మీదే ఉంది. వీడియో మళ్ళీ పెట్టి, ఈసారి బంతిని వదిలేసి పెనాల్టీ బాక్సులో, అంటే గోల్ ముందు గీసిన పెద్ద గడిలో, ఉన్నవాళ్ళని చూడు. వింగర్‌కి బంతి అందగానే ముగ్గురూ గోల్ ముందుకు పరుగెత్తారు. క్రాస్ వచ్చేసరికి కీపర్ ముందు రాటల్లా నిలబడి ఉన్నారు. నిలబడ్డవాడు బంతి కోసం వెనక్కి అడుగేయాలి, లేదంటే కాలు చాచాలి. డిఫెండర్‌కీ అదే కావాలి, నిలబడ్డవాడూ బంతీ రెండూ ఒకే చూపులో కనిపిస్తాయి.

కాబట్టి ముందు నేర్పాల్సింది ఆలస్యంగా రావడం. స్ట్రైకర్లని, అంటే గోల్ కొట్టాల్సినవాళ్ళని, పెనాల్టీ బాక్స్ బయట, గోల్‌కి 20 మీటర్ల దూరంలో ఆపు. వింగర్ ఆఖరి టచ్‌తో బంతిని ముందుకు తోసి తలెత్తి చూస్తాడు కదా, వాళ్ళ పరుగు అప్పుడు మొదలవ్వాలి, అంతకు ముందు వద్దు. పరుగుకి ముందు రెండడుగులు డిఫెండర్ వెనకవైపుకి జరగమను. వీళ్ళ కోసం డిఫెండర్ మెడ తిప్పిన క్షణంలో వాడికి బంతి కనిపించదు, ఆ క్షణం చాలు. ఒకడు నియర్ పోస్ట్‌కి (బంతి వచ్చే వైపు గోల్ స్తంభం), ఒకడు ఫార్ పోస్ట్‌కి (అవతలి స్తంభం), మూడోవాడు కాస్త వెనకగా పెనాల్టీ స్పాట్ (పెనాల్టీ కొట్టే చుక్క) దగ్గరికి. నాలుగోవాడు బాక్స్ అంచున, అంటే గోల్ గీతకి 16.5 మీటర్ల దగ్గర ఆగిపోవాలి. డిఫెండర్లు కొట్టేసిన బంతి చాలాసార్లు అక్కడికే వస్తుంది. నియర్ పోస్ట్‌కి వెళ్ళేవాడు బంతి అందకపోయినా మనసు కష్టపెట్టుకోకూడదని చెప్పు. వాడు ఒక డిఫెండర్‌నీ కీపర్‌నీ తన వైపు లాగినందుకే వెనకవాళ్ళకి చోటు దొరుకుతుంది. ఆ వయసులో ఈ పరుగుకి ఎవరూ మెచ్చుకోరు, అందుకే నువ్వు గట్టిగా పేరు పెట్టి మెచ్చుకో.

ఇక క్రాస్. పదమూడేళ్ళ పిల్లల తొడల్లో బంతిని 30 మీటర్లు గాల్లో పంపే బలం ఇంకా రాలేదు. బలవంతంగా కొడితే ఒళ్ళు వెనక్కి వాలుతుంది, బంతి గోల్ వెనక పడుతుంది. అందుకే పదింట్లో ఏడు క్రాసులు నేలబారుగా ఉండాలని నా అభిప్రాయం. వింగర్ గోల్ లైన్ దాకా చేరితే కట్‌బ్యాక్: బంతిని వెనక్కి, గోల్‌కి 8 నుంచి 11 మీటర్ల మధ్యకి నేల మీద లాగాలి. ఇంత లాభమున్న బంతి ఇంకోటి లేదు. డిఫెండర్లంతా సొంత గోల్ వైపు పరుగెత్తుతుంటారు, బంతి వాళ్ళ వెనక్కి పోతుంది. పైగా బంతికి వెనక ఉన్నవాడికి ఆఫ్‌సైడ్ (డిఫెండర్లని దాటి ముందే గోల్ దగ్గర నిలబడి బంతి అందుకునే తప్పు) ఉండదు. ఈ ఒక్క ముక్క పిల్లలకి బోర్డు మీద గీసి చూపించు, చాలామందికి తెలియదు. డిఫెండర్లకీ కీపర్‌కీ మధ్య ఖాళీ ఉంటే మాత్రం వెనక్కి లాగకుండా ఆ సందులోకి వేగంగా కొట్టాలి. డిఫెన్స్ సర్దుకుని నిలబడి ఉంటేనే ఫార్ పోస్ట్‌కి ఎత్తాలి.

కొట్టే పద్ధతిలో ఎక్కువ తప్పు ఎక్కడ జరుగుతుందో చూడు. పిల్లవాడు పక్క గీత వెంట పరుగెడుతుంటే నడుము కార్నర్ జెండా వైపు ఉంటుంది, ఆ ఊపులోనే కొడితే బంతీ అటే పోతుంది. ఆఖరి టచ్ కొంచెం లోపలికి, ఒంటికి మీటరు దూరంలో పడాలి. తలెత్తి ఒక్కసారి చూడాలి, తర్వాత చూపు బంతి మీదే. ఆనుకునే కాలు బంతి పక్కన జానెడు దూరంలో పడాలి, దాని బొటనవేలు జెండా వైపు కాకుండా బాక్స్ వైపు తిరగాలి. అది తిరిగితే నడుము దానంతటదే తిరుగుతుంది. నేలబారు బంతికి మోకాలు బంతి మీదికి రావాలి, చీలమండ బిగుసుకుని ఉండాలి. ఎత్తే బంతికి ఆనుకునే కాలు కాస్త వెనక్కి, దెబ్బ బంతి నడిమికి కింద. కుడి వింగ్‌లో కుడికాలి బొటనవేలి మొదలుతో బంతి కుడి పక్కన కొడితే అది కీపర్‌కి దూరంగా వంగుతుంది, కీపర్ బయటికి రావాలా వద్దా అని తటపటాయిస్తాడు. ఇంగ్లండ్ ఆటగాడు బెక్‌హామ్ బతుకంతా ఆ బంతి మీదే నడిచింది. ఎదుటివాణ్ని పూర్తిగా దాటకుండానే, అర మీటరు పక్కకి జరిగి కొట్టేసేవాడు. నీ వింగర్లు మాత్రం దాటినవాణ్నే మళ్ళీ దాటుతున్నారు, ఆలోపు బాక్స్ నిండిపోతోంది.

ఎడమ వింగ్‌లో ఆడే ఆ పొడుగు పిల్లవాడు ప్రతిసారీ కుడికాలి మీదికి మళ్ళుతున్నాడు, గమనించావా? ఆ మళ్ళడంలో రెండు సెకన్లు పోతున్నాయి, ఆలస్యంగా పరుగెత్తినవాళ్ళు కూడా ఆగిపోతున్నారు. మన హైదరాబాద్ రహీం సాబ్, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టుని నాలుగో స్థానానికి, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకానికి నడిపించిన సయ్యద్ అబ్దుల్ రహీం, బలహీనమైన కాలితోనే ఆడాలనే పోటీలు పెట్టేవారని చెప్పుకుంటారు. వారానికి ఒక పావుగంట నువ్వూ పెట్టు. ఎడమ కాలితో వేసిన గోలే లెక్క.

ఫినిషింగ్‌లో, అంటే బంతిని గోల్‌లోకి పెట్టడంలో, పిల్లల రోగం ఒక్కటే, కాలు విసరడం. పక్క నుంచి వచ్చే బంతికి వేగం ముందే ఉంది, దారి మళ్ళిస్తే చాలు. పాదం లోపలి పక్క తెరిచి గోల్‌లోకి పాస్ ఇచ్చినట్టు తాకించమను. చివరి రెండు మీటర్లు చిన్న చిన్న అడుగులు వేయాలి. పెద్ద అంగ వేస్తే ఆనుకునే కాలు ముందే నాటుకుపోతుంది, బంతి దాటిపోతుంది, లేదా వెనక్కి వాలి బార్ మీదుగా లేపుతాడు. కట్‌బ్యాక్ వచ్చేటప్పుడు కీపర్ నియర్ పోస్ట్ వదిలి మధ్యకి జరుగుతుంటాడు కాబట్టి వాడు వదిలొచ్చిన వైపే నేలబారుగా పెట్టడం మేలు, ఊపులో ఉన్నవాడు వెనక్కి తిరగలేడు.

ఒక సంగతి కచ్చితంగా పాటించు. మీ గ్రౌండులో ఉన్నది పెద్దవాళ్ళ గోల్, 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు. నీ కీపర్ ఎత్తు 5 అడుగులు కూడా ఉన్నట్టు లేదు. వాడి తల మీదుగా ఏ బంతి లేపినా గోలే. అలా అలవాటైతే రెండేళ్ళ తర్వాత కీపర్లు ఎదిగాక వీళ్ళకి గోల్ దొరకదు. నడుము ఎత్తు దాటిన గోల్‌కి లెక్క ఇవ్వొద్దు. రెండు పోస్టులకీ మీటరున్నర లోపల కోన్లు పెట్టి, పోస్టుకీ కోనుకీ మధ్య పడితేనే గోల్ అను.

ప్రాక్టీసు ఇలా పెట్టు. సగం గ్రౌండు, పన్నెండు మంది, పన్నెండు బంతులు. మొదటి పది నిమిషాలు డిఫెండర్లు లేకుండా, రెండు వింగుల నుంచీ మార్చి మార్చి, అన్నీ నేలబారు క్రాసులే. వరసలో ముగ్గురికి మించి నిలబడకూడదు. తర్వాత ఇద్దరు డిఫెండర్లనీ కీపర్‌నీ పెట్టి నలుగురితో దాడి చేయించు. ఆఖరి ఇరవై నిమిషాలు అయిదుగురేసి ఆట. రెండు పక్కలా 5 మీటర్ల పట్టీ గీసి అందులోకి డిఫెండర్లు రాకూడదని చెప్పు, క్రాస్ మీద వచ్చిన గోల్‌కి రెండు లెక్క. వింగర్ అక్కడ తీరిగ్గా తలెత్తడం నేర్చుకుంటాడు. అలవాటయ్యాక పట్టీ తీసేయి. బంతిలో గాలి మరీ గట్టిగా కొట్టించొద్దు, రాయిలా ఉంటే తొలి తాకుకే ఎగిరిపోతుంది.

ఒక్కో పిల్లవాడికి రోజుకి 25, 30 క్రాసులు చాలు. ఎదిగే వయసు కదా, మోకాలి చిప్ప కింద ఎముక బుడిపె దగ్గర నొప్పి అని ఎవరైనా అంటే ఆ రోజుకి కొట్టడం ఆపించు, తగ్గకపోతే డాక్టర్‌కి చూపించమని ఇంట్లో చెప్పు. హెడింగ్‌కి, అంటే తలతో బంతి కొట్టడానికి, తొందరపడొద్దు. 2020లో ఇంగ్లండ్, స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్ ఫుట్‌బాల్ సంఘాలు ప్రాథమిక పాఠశాల వయసువాళ్ళకి ప్రాక్టీసులో హెడింగే వద్దన్నాయి. నీ బ్యాచ్‌లో చిన్నవాళ్ళని పూర్తిగా పక్కన పెట్టు. పెద్దవాళ్ళకి మెత్తటి బంతి 5 మీటర్ల నుంచి చేత్తో విసిరి, వారానికోసారి, అయిదారుకి మించకుండా. కళ్ళు తెరిచి, నోరు మూసి, మెడ బిగించి, నుదురుతో బంతి పై సగాన్ని కొట్టాలి.

వచ్చే ఆదివారం వీడియో తీసేటప్పుడు ఫోన్ పక్క గీత దగ్గర కాకుండా గోల్ వెనక కాస్త ఎత్తులో పెట్టు. స్ట్రైకర్లు ఎప్పుడు కదిలారో అక్కడి నుంచే తెలుస్తుంది. ఆ పొడుగు పిల్లవాడి ఎడమ కాలు కూడా కనపడాలి.

ఇట్లు,
నీ రవి