బీపీ, షుగర్ సరే, కాళ్ల సంగతేంది?

ఎడిటర్ గారికి నమస్తే. మాది మునుగోడు దిక్కు ఒక ఊరు. మా ఊరికి ఏఎన్ఎం, ఆశా వర్కర్ వచ్చి బీపీ, షుగర్ చూసి రాసుకపోతరు, మంచిదే, మా అత్తమ్మకు రెండూ నార్మలే. గా నార్మల్ మనిషే పోయిన చలికాలం బాత్రూంల లెవ్వబోయి పడ్డది, మణికట్టు ఇరిగింది. లేసేటప్పుడల్లా మోకాలి మీద చెయ్యి ఒత్తి "రామా" అంటుండె, అది ఆమె అలవాటనుకున్నం గానీ కాళ్లల్ల బలం తగ్గిందని ఇంట్ల ఒక్కరికీ తట్టలే.

కట్టు విప్పినంక నల్గొండల ఫిజియోథెరపీ మేడం ఒక పరీక్ష చేసింది, మిషన్ లేదు ఏం లేదు. చేతుల్లేని కుర్చీ, 17 అంగుళాల ఎత్తు, అంటే రెండు జానలకు ఇంచు తక్కువ. గోడకు ఆనిచ్చి వెయ్యాలె, ఇంటికొచ్చి ఉత్తగ వేస్తే మా గచ్చు మీద ప్లాస్టిక్ కుర్చీ సర్రున జారింది, అందుకే చెప్తున్న. రెండు చేతులు ఛాతి మీద అడ్డంగ పెట్టుకొని 30 సెకండ్లల్ల ఎన్నిసార్లు పూర్తిగ లేసి కూసుంటే అంత స్కోరు, చెయ్యి ఆనిచ్చి లేస్తే సున్న. 70 నుంచి 74 ఏండ్ల ఆడోళ్లకు 10 కంటె తక్కువ, మగోళ్లకు 12 కంటె తక్కువ వస్తే పడే ప్రమాదం ఉన్నట్టట. అత్తమ్మకు 72, వచ్చినయి 6. "దినమంత వంగి నాట్లేసినదాన్ని, నన్ను కుర్చీల కూసోబెట్టి లెక్కపెడ్తున్నరా" అని ఆమెకు మస్తు కోపమొచ్చింది.

ఇంకోటి కూడ ఉన్నది, కుర్చీల కెల్లి లేసి 10 ఫీట్ల దూరం నడిచి, మళ్లి వచ్చి కూసోవాలె, 12 సెకండ్లు గానీ అంతకెక్కువ గానీ పడితే జాగ్రత్త పడాలె.

ఈ అంకెలు అమెరికా వాళ్లవి, మనోళ్లేమో జీవితమంత కింద కూసున్నోళ్లు. పైగా మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకపోయినోళ్లున్నరు, భగీరథ నీళ్లొచ్చినయి గానీ వంగిన కాళ్లు నీళ్లు మారితే సక్కగైతయా. గసొంటోళ్లను 10 రాలేదని భయపెట్టొద్దు, మూడు నెలల కింద తనకెన్ని వచ్చినయి, ఇప్పుడెన్ని అనేది చూస్తే చాలు.

నేనడిగేది ఒక్కటే, పల్లె దవాఖానల బీపీ పట్టీ కట్టేటప్పుడే ఈ అంకె కూడ రాయండి. ఒక కుర్చీ, ఫోన్ల టైమర్, పక్కన పట్టుకునేటందుకు ఒక మనిషి, అంతే గదా. కండ్లు తిరిగినా ఛాతిల నొప్పొచ్చినా ఆపెయ్యాలె. పింఛన్ కాడ లైన్ల గంటలు కూసుంటరు ముసలోళ్లు, అక్కడైనా చెయ్యొచ్చు.

మేడం చెప్పినట్టు అత్తమ్మ పొద్దున, మాపు గోడ పక్కన లేసుడు కూసునుడు చేస్తున్నది. పోయిన ఆదివారం లెక్కపెట్టిన, 8 అన్న. "టైమైనప్పుడు నేను సగం కంటె ఎక్కువే లేసిన, 9 రాయి" అన్నది. మేడంకు ఫోన్ చేసి అడిగితే రూల్ ప్రకారం అత్తమ్మదే కరెక్ట్ అట, క్యాలెండర్ మీద కొట్టేసి 9 రాసిన.

— ఒక కోడలు, మునుగోడు మండలం, నల్గొండ జిల్లా