స్ప్రింగు గట్టిపడితే పట్టు పెరుగుతుందా?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో రిమోట్ రేసు కార్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. మా ఆటకి ఒక పేజీ కేటాయించినందుకు సంతోషం. ఫొటోలు కూడా బాగా వేశారు. అయితే మోటారు గురించీ బ్యాటరీ గురించీ కాలమ్‌లకి కాలమ్‌లు రాసిన మీ రచయిత సస్పెన్షన్ దగ్గరికొచ్చేసరికి ఒక్క వాక్యంతో సరిపెట్టేశారు. స్ప్రింగులు ఎంత గట్టిగా ఉంటే మలుపులో కారు అంత బాగా నిలబడుతుందట. నా పేచీ ఆ వాక్యంతోనే. అది చదివిన పిల్లలు దొరికినవాటిలోకెల్లా గట్టి స్ప్రింగులు తెచ్చి బిగించుకుని ట్రాక్ మీదికి వస్తున్నారు. వాటిని విప్పించే పని నాకు పడింది.

నేను లారీల వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. కమాను కట్టలు ఊడదీసి బిగించిన చేతులివి. ఇప్పుడు వేలెడంత షాకుల్లో, అంటే షాక్ అబ్సార్బర్లలో, ఆయిల్ పోసుకుంటున్నాను. బండి పెద్దదైనా చిన్నదైనా స్ప్రింగు చేసే పని ఒకటే కాబట్టి, ఈ విషయంలో నాలుగు మాటలు చెప్పే అర్హత ఉందనుకుంటున్నాను.

మలుపు తిరిగేటప్పుడు బరువు లోపలి చక్రాల మీంచి బయటి చక్రాల మీదికి జరుగుతుంది. ఎంత జరుగుతుందన్నది కారు బరువెంత, ఆ బరువు నేలకి ఎంత ఎత్తున ఉంది, కుడి ఎడమ చక్రాల మధ్య వెడల్పెంత, మలుపు ఎంత వేగంగా కొడుతున్నాం అన్నవాటిని బట్టి ఉంటుంది. ఈ లెక్కలో స్ప్రింగు పేరు లేదు. గట్టి స్ప్రింగు వేస్తే కారు తక్కువ ఒరుగుతుంది, చూడ్డానికి బుద్ధిమంతురాలిలా కనిపిస్తుంది. బరువు మాత్రం దాదాపు అంతే జరుగుతుంది. అలా జరిగే బరువులో ముందు జత ఎంత మోయాలి, వెనక జత ఎంత మోయాలి అనే వాటాని స్ప్రింగు తేలుస్తుంది.

ఇక టైరు గుణం చూడండి. మోసే బరువు రెట్టింపైనంత మాత్రాన దాని పట్టు రెట్టింపు కాదు. పెరుగుతుంది గానీ అంతకన్నా తక్కువే పెరుగుతుంది. కాబట్టి లోపలి టైరు పోగొట్టుకున్నదాన్ని బయటి టైరు పూర్తిగా తెచ్చివ్వలేదు. ముందు వెనకల్లో ఏ జత స్ప్రింగులు గట్టివో ఆ జతకి ఈ నష్టం ఎక్కువ, ముందుగా జారేది కూడా అదే. ముక్కు తిరగక కారు బయటికి పోతుంటే ముందు స్ప్రింగు ఒక మెట్టు మెత్తన చెయ్యాలి, లేదా వెనకది ఒక మెట్టు పెంచాలి. తోక విసురుతుంటే వెనక మెత్తన చెయ్యాలి. నాలుగూ కలిపి గట్టిపరిస్తే ఏ జబ్బుకీ మందు వేసినట్టు కాదు.

మీ రచయితకీ న్యాయం చెయ్యాలి. కార్పెట్ ట్రాక్ మీద పట్టు మరీ ఎక్కువైపోయి, మలుపులో కారు జారే బదులు పల్టీ కొట్టడం ఉంది. అక్కడ గట్టి స్ప్రింగులు, తక్కువ ఎత్తు పనికొస్తాయి. ముందు టైర్ల పక్కగోడలకి పల్చగా జిగురు పూసి పట్టు తగ్గించేవాళ్లూ ఉన్నారు. ఆయన చూసింది అలాంటి ట్రాకే అయితే ఆ మాట అక్కడే చెప్పాల్సింది. చదివేవాళ్లలో ఎక్కువమంది తారు మీదా మట్టి మీదా తోలేవాళ్లే.

1/10 స్కేలు కారుకి 1 సెంటీమీటరు గులకరాయి అంటే మనం ఎక్కి తోలే కారుకి 10 సెంటీమీటర్ల రాయి. మనం సాఫుగా ఉందనుకునే తారు దానికి గుంతల రోడ్డు. పైగా కారుని పది రెట్లు చిన్నది చేశాం గానీ గురుత్వాకర్షణని చెయ్యలేదు. పదో వంతు ఎత్తు నుంచి పడ్డ వస్తువు నేలని తాకడానికి పదో వంతు సమయం పట్టదు, సుమారు మూడో వంతు పడుతుంది. పదికి వర్గమూలం 3.16 కదా, ఆ లెక్క. అంటే ఎగరడం, పడడం, ఒరగడం, సర్దుకోవడం అన్నీ మూడు రెట్లు త్వరగా జరిగిపోతుంటాయి. కంటికి అందదు. ట్రాక్ పక్కన నిలబడితే కారు వణుకుతున్నట్టు మాత్రమే అనిపిస్తుంది. ఆ వణుకులో గట్టి స్ప్రింగున్న టైరు మాటిమాటికీ నేల వదిలేస్తుంది. గాల్లో ఉన్న టైరుకి పట్టెక్కడిది?

ఆ వ్యాసం చదివిన కుర్రాడొకడు కారు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఎడమకి తిప్పితే పరవాలేదు, కుడికి తిప్పితే తోక తిరిగిపోతోంది. "మోటారు మార్చాలా అంకుల్?" అన్నాడు. "మోటారు సంగతి తర్వాత నాన్నా, ముందు నాలుగు షాకులూ ఊడదియ్యి" అన్నాను.

షాకులు తీసేశాక చక్రాన్ని చేత్తో పైకెత్తి వదిలితే దాన్ని ఛాసిస్‌కి కలిపే సస్పెన్షన్ చెయ్యి తన బరువుకే కిందికి జారిపోవాలి. మూడు చక్రాలు అలాగే పడ్డాయి. వెనక ఎడమది సగంలో ఆగింది. ఆ చెయ్యి కీలులా ఆడే హింజ్ పిన్ను లాగి గాజుపలక మీద దొర్లిస్తే నడుమ సన్నటి వెలుతురు కనిపించింది. అంటే పిన్ను వంగింది. ఎప్పుడో గోడకి గుద్ది ఉంటాడు. ఇలా ఇరుక్కున్న చెయ్యి, ఆ ఒక్క మూలకి ఇంకో గట్టి స్ప్రింగు తగిలించినట్టు పనిచేస్తుంది. కుడి మలుపులో బరువొచ్చి పడేది సరిగ్గా ఆ మూల మీదే.

పిన్ను మార్చి, షాకులు బిగించి, కారుని గాజుపలక మీద పెట్టాను. వెనక భాగం కింద, సరిగ్గా నడిమధ్యన కత్తిమొన ఆనించి మెల్లగా లేపాలి. రెండు చక్రాలూ ఒకేసారి నేల వదలాలి. కుడిది ముందే లేచింది, ఎడమది ఇంకా ఆనుకునే ఉంది. ఒక కాలు పొట్టిదైన కుర్చీ లాంటి కారన్నమాట, దీన్నే ట్వీక్ అంటారు. ఒరుగుడు తగ్గించే యాంటీ రోల్ బార్ లింకులు విప్పి చూశాను, తేడా పోలేదు. షాకుల మీద స్ప్రింగుని ఆపి ఉంచే మర చుట్లు, అంటే కాలర్లు, రెండువైపులా సమానంగానే ఉన్నాయి. ఇక మిగిలింది ఛాసిస్. పై పలక స్క్రూలన్నీ వదులు చేసి, కారుని గాజు మీద అరచేత్తో అదిమిపట్టి, ఎదురెదురు మూలలు వరసగా బిగించుకుంటూ వచ్చాను. మళ్లీ లేపితే రెండు చక్రాలూ కలిసి లేచాయి. కారుని ఒళ్లో పెట్టుకుని స్క్రూలు బిగిస్తే ఛాసిస్ మెలిపడి ఆ మెలికలోనే ఉండిపోతుంది. ఆ తర్వాత మామూలు స్ప్రింగులు వేసి పంపించాను. కుడికీ ఎడమకీ ఒకేలా తిరిగింది. మోటారు అదే మోటారు.

మోటారంటే గుర్తొచ్చింది. స్టాక్ తరగతి పోటీల్లో అందరిదీ ఒకే రకం మోటారు, 17.5 టర్న్ (మోటారు లోపలి తీగ చుట్ల లెక్క) అంటే అందరికీ 17.5 టర్నే. మోటారుని అదనంగా పరిగెత్తించే స్పీడ్ కంట్రోలరు టైమింగ్ సున్నా మీద ఉండాలి, అది అలాగే ఉందని బయటికి కనబడేట్టు లైటు మిణుకు మిణుకుమంటూ ఉండాలి. ఇంత కట్టుదిట్టం చేశాక నేరు దారిలో సంపాదించేది ఎంతనీ? గెలుపోటములు మలుపుల్లో తేలతాయి. మరి వ్యాసంలో ముప్పాతిక భాగం మోటారుకే ఎందుకు పోయిందో నాకు బోధపడలేదు.

షాకు మీదుండే కాలర్ గురించి కూడా చెప్పాలి. దాన్ని కిందికి తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది నమ్మకం. గట్టిపడదు, కారు ఎత్తు పెరుగుతుంది, అంతే. తారు మీద తోలే టూరింగ్ కారుకి నేల నుంచి 5 మి.మీ. చుట్టుపక్కల, మట్టిలో తోలే 1/10 బగ్గీకి 20 నుంచి 25 మి.మీ. ఎత్తు మామూలుగా పెట్టుకునేది. బ్యాటరీ, బాడీ అన్నీ పెట్టి, కారుని రెండు మూడుసార్లు అదిమి వదిలి, అప్పుడు కొలవాలి. ఖాళీ కారు కొలిచి లాభం లేదు.

ఎత్తు తర్వాత డ్రూప్. చక్రం ఆ ఎత్తుకన్నా ఇంకా ఎంత కిందికి వేలాడగలదన్నదే డ్రూప్. కొత్తవాళ్లెవరూ దాని జోలికి పోరు. వెనక డ్రూప్ ఎక్కువుంటే బ్రేకు కొట్టినప్పుడు వెనక భాగం బాగా లేస్తుంది, బరువు ముందుకి వస్తుంది, మలుపు మొదట్లో ముక్కు చురుగ్గా తిరుగుతుంది. ముందు డ్రూప్ ఎక్కువుంటే థ్రాటిల్ ఇచ్చినప్పుడు ముక్కు లేచి వెనక టైర్లు నేలని అదుముకుంటాయి. ఒక చిన్న స్క్రూ అర చుట్టు తిప్పితే కారు నడకే మారిపోతుంది. దానికి కొనాల్సిందేమీ లేదు. కుడి ఎడమలు తేడా రాకుండా చూసుకుంటే చాలు.

షాకు తయారు చెయ్యడం మాత్రం ఓపిక పని, నాకిష్టమైన పని కూడా. పిస్టన్‌ని అడుగుకి దించి, అంచుదాకా సిలికాన్ ఆయిల్ పోసి, పిస్టన్‌ని ఆయిల్‌లోంచి బయటపడకుండా మెల్లగా పైకీ కిందికీ ఆడించాలి. దాని కింద చిక్కుకున్న గాలి రంధ్రాల్లోంచి ముత్యాల్లా పైకొస్తుంది. కాసేపు నిలబెట్టి వదిలేస్తే మిగిలిన బుడగలూ తేలిపోతాయి. తర్వాత రబ్బరు బ్లాడర్ పెట్టి, మూత వదులుగా తిప్పి, షాఫ్ట్‌ని పూర్తిగా లోపలికి తొయ్యాలి. ఎక్కువైన ఆయిల్ మర దగ్గర చెమ్మగా బయటికొస్తుంది. అప్పుడు మూత బిగించాలి. చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తే చిటచిటమని వినిపించిందా, గాలి ఉండిపోయింది, మళ్లీ మొదటికి రావాల్సిందే. చివరగా జత షాకులు రెండూ పక్కపక్కన పట్టుకుని షాఫ్టులు కలిపి నొక్కి వదలాలి. రెండూ ఒకే వేగంతో, ఒకే పొడవు బయటికి రావాలి. ఒకటి చురుగ్గా, ఒకటి బద్ధకంగా వస్తే ఆ కారు రెండు మలుపుల్లో రెండు రకాలుగా నడుస్తుంది. దాన్ని ఏ ఖరీదైన రేడియో సరిచెయ్యలేదు.

ఆయిల్ సీసా మీద డబ్ల్యూటీ (వెయిట్) అని ఉండే చిక్కదనం అంకెని ఒక కంపెనీదానికీ ఇంకో కంపెనీదానికీ పోల్చకూడదు. చిక్కదనాన్ని కొలిచే సెంటీస్టోక్స్ అంకె చూసుకోవాలి, 350, 400, 450 అని ఉంటుంది. సిలికాన్ ఆయిల్ వేడికి మామూలు ఆయిల్ అంతగా పల్చబడదు, అయినా పల్చబడుతుంది. ఎండ ముదిరిన రోజున ఒక మెట్టు చిక్కన, చలి రోజున ఒక మెట్టు పల్చన పోసుకోవడం అందుకే. పిస్టన్ రంధ్రాన్నీ తక్కువ చెయ్యకండి. 1.6 మి.మీ. నుంచి 1.7 మి.మీ.కి మారితే పెరిగింది పదో వంతు మిల్లీమీటరే, కానీ ఆయిల్ పోయే దారి వైశాల్యం దాదాపు 13 శాతం పెరుగుతుంది. సన్న రంధ్రాలు, పల్చటి ఆయిల్ ఒకవైపు, పెద్ద రంధ్రాలు, చిక్కటి ఆయిల్ ఇంకోవైపు పెట్టి చేత్తో నొక్కితే రెండూ ఒకటే అనిపిస్తాయి. జంప్ మీంచి పడ్డప్పుడు తెలుస్తుంది తేడా. సన్న రంధ్రాల్లోంచి అంత ఆయిల్ ఒక్కసారిగా దూరలేక షాకు బిగుసుకుపోతుంది. గాల్లోంచి పడే బగ్గీకి అది కొంత మేలే, అడుగు నేలకి కొట్టుకోదు. గతుకుల మీద పరిగెత్తే కారుకి అదే చేటు.

క్యాంబర్, అంటే చక్రం నిలువుకి ఎంత వాలి ఉందన్న సంగతి టైరే చెబుతుంది. చక్రం పైభాగం 1 నుంచి 2 డిగ్రీలు లోపలికి వంచి మొదలుపెట్టి, కాసేపు తోలాక అరుగుదల చూడండి. లోపలి అంచే అరుగుతుంటే క్యాంబర్ ఎక్కువైందని అర్థం. వెనక టో, అంటే పైనుంచి చూస్తే చక్రాల ముందు కొస తిరిగి ఉండే కోణం, 2 నుంచి 3 డిగ్రీలు లోపలికి ఉంటే కారు నేరుగా పోతుంది, దాన్ని కెలకాల్సిన అవసరం చాలామందికి రాదు. కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో చెప్పే రోల్ సెంటర్ల దగ్గరికి ఇవన్నీ సర్దుకున్నాకే వెళ్లడం మంచిది. రేడియోలో స్టీరింగ్‌ని కాస్త అటూ ఇటూ సర్దే ట్రిమ్ సున్నా మీద ఉండగానే, చక్రాలు తిప్పే సర్వో మోటారు మీది కొమ్ము (సర్వో హారన్) మధ్యలో నిలబడాలి, చక్రాలు నేరుగా ఉండాలి. ట్రిమ్ బటన్‌తో నెట్టుకొస్తే ఒకవైపు స్టీరింగ్ తక్కువవుతుంది, తప్పు మాత్రం సస్పెన్షన్ మీద పడుతుంది.

వీటన్నిటికన్నా ముందు టైరుందని కొందరు అంటారు. నిజమే. ట్రాక్‌కి పొసగని రబ్బరు వేసుకుని ఎన్ని స్ప్రింగులు మార్చినా వృథా. అక్కడ అందరూ ఏ టైరు వాడుతున్నారో అదే వేసుకుని, ఆ తర్వాత సెట్టింగ్ మొదలెట్టాలి. ఒకసారి ఒక్కటే మార్చాలి. మార్చింది కాగితం మీద రాసుకోవాలి. బాగుపడకపోతే వెనక్కి పెట్టెయ్యాలి. రెండు కలిపి మార్చేవాడికి ఏది పనిచేసిందో చచ్చినా తెలియదు.

అందువల్ల అయ్యా, స్ప్రింగుల గురించి రాసిన ఆ వాక్యానికి ఒక సవరణ వెయ్యండి. వీలైతే తర్వాతి అనుబంధంలో ఖాళీ సెట్టింగ్ షీటు ఒకటి అచ్చు వెయ్యండి. ఎత్తు, డ్రూప్, స్ప్రింగు, ఆయిల్, పిస్టన్, క్యాంబర్, టో, టైరు, ఆ రోజు ఎండ ఎలా ఉందో రాసుకోవడానికి ఒక గడి, ఇవి చాలు. పిల్లలు కత్తిరించుకుని దాచుకుంటారు. మీ రచయిత ఈసారి డిఫ్ ఆయిల్ (డిఫరెన్షియల్ గేర్లలో పోసేది) మీద రాస్తారేమో, ఎంత చిక్కగా పోస్తే అంత మంచిదని మాత్రం రాయనివ్వకండి. మా బల్ల దగ్గర ఇప్పటికే చోటు లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిట్టరు, మీ పాత పాఠకుడు