బూర్గులకు దండ వేశారు, సరే, చరిత్ర ఏది?

సంపాదకుల వారికి,

బూర్గుల రామకృష్ణారావు జయంతి మర్నాడు మీ నగర పేజీలో వేసిన ఫొటో, దాని కింది మూడు వాక్యాలు చూసినరోజే రాద్దామనుకున్నాను. సవరణ మీరే వేస్తారేమోనని ఇన్నాళ్లు ఆగాను. వేయలేదు. అందులో ఆయన్ను 'ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి' అన్నారు. ఎప్పుడయ్యారండీ? 1952లో ఆయన ఏలింది ఔరంగాబాద్ నుంచి రాయచూరు దాకా ఉన్న హైదరాబాద్ రాష్ట్రాన్ని. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడితే ఆ కుర్చీ ఎక్కింది నీలం సంజీవరెడ్డి. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు మీ పత్రిక కత్తిరించి దాచుకుంటారు. వాళ్ల మార్కులకు పూచీ ఎవరు?

తప్పు సంగతి అలా ఉంచండి. 'కేరళ, ఉత్తరప్రదేశ్ గవర్నర్‌గా సేవలందించారు' అని అరవాక్యంలో తేల్చేయడం చూస్తే ఒళ్లు మండింది. సేవలట! 1957 ఏప్రిల్ 5న కేరళలో కమ్యూనిస్టు నేత ఈఎంఎస్ నంబూద్రిపాద్ చేత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించింది ఈయనే. విద్యా చట్టం మీద, భూసంస్కరణల మీద రగిలిన ఆగ్రహం 'విమోచన సమరం' పేరుతో వీధికెక్కాక, 1959 జూలై 31న ఆ ప్రభుత్వాన్ని రాష్ట్రపతి పాలనకు వీలిచ్చే 356వ అధికరణం కింద ఇంటికి పంపించారు. శాసనసభలో బలం పోయి కాదు. ఢిల్లీ చేతికి ఆధారంగా దొరికింది గవర్నర్ నివేదిక. ఇక్కడ 1950 నాటి కౌలుదారీ చట్టంతో పేరు ముడిపడిన మనిషే అక్కడ భూసంస్కరణలు తలపెట్టిన ప్రభుత్వం మీద నివేదిక పంపారు. మనసొప్పి రాశారా, పైవాళ్లు కోరితే రాశారా? 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చి, బలాబలాలు తేలవలసింది సభలోనే అని చెప్పేదాకా ఎన్ని ప్రభుత్వాలు ఇలా కూలాయో మీ పాత సంచికల్లోనే ఉంటుంది. ఆ కథ మొదట్లో మన ఊరి వకీలు ఉన్నారని చెప్పడానికి మీకు మొహమాటమెందుకు?

ఆయన్ను తక్కువ చేయడానికి రాయడం లేదు. నేనూ నల్లకోటు వేసుకున్నవాణ్నే. బొంబాయి విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి, నిజాం కాలపు ఉర్దూ కోర్టుల్లో నెగ్గుకొచ్చి, ఫార్సీ, సంస్కృతం రెండింటిలోనూ పండితుడనిపించుకున్న న్యాయవాదులు ఇవాళ ఎక్కడున్నారు? పీవీ నరసింహారావు జూనియర్‌గా చేరింది ఆయన దగ్గరే. రెండు రాజ్‌భవన్లలో ఉండివచ్చాక 1962 నుంచి 1966 దాకా రాజ్యసభలో మామూలు సభ్యుడిగా కూర్చున్నారు. ఇప్పటివాళ్లకు మాజీ అన్న మాటే గిట్టదు. అయితే ఉద్యోగాలు స్థానికులకే (ముల్కీలకే) ఇవ్వాలన్న ముల్కీ ఉద్యమం నాడు, 1952 సెప్టెంబరులో, సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయినప్పుడు ముఖ్యమంత్రి కూడా ఈయనే కదా? జస్టిస్ పింగళి జగన్మోహన్‌రెడ్డి విచారణ జరిగింది కదా? మీ మూడు వాక్యాల్లో దానికి చోటు లేదు. దండ వేసిన అధికారి హోదా మాత్రం పూర్తిగా ఉంది!

అధికారుల సంగతి అడగకండి. ఈమధ్య పని మీద ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లాను. ఇనుప బీరువా మీద ఆయన పటం గోడకు ఆనించి ఉంది. ఎండిన బంతిపూల దండ అద్దానికి అతుక్కుపోయింది, ముందు ఫైళ్ల కట్టలు గడ్డం దాకా కప్పేశాయి. ఎవరిదని అడిగితే గుమాస్తా తలెత్తకుండానే 'స్వాతంత్ర్య సమరయోధులండీ' అన్నాడు. నా ఫైలు గురించి అడిగినప్పుడూ తలెత్తలేదనుకోండి. కొత్త సచివాలయం లేచేదాకా రాష్ట్ర ప్రభుత్వం నడిచింది బూర్గుల రామకృష్ణారావు భవన్ నుంచే. అక్కడికి వచ్చిపోయినవాళ్లలో బీఆర్‌కే అంటే ఎవరో ఎందరికి తెలుసు? గవర్నర్ పెద్దా ప్రభుత్వం పెద్దా అని టీవీల్లో అరిచేవాళ్లకైనా తెలుసా?

సవరణ అదే నగర పేజీలో, ఫొటో వేసినంత చోటులో వేయండి. పెళ్లి ప్రకటనల కింద వద్దు. వచ్చే జయంతికి, మార్చి 13న, దండల ఫొటో మానేసి, సిటీ కాలేజీ కాల్పుల విచారణ గురించీ కేరళ నివేదిక గురించీ ఒక పేజీ రాయించండి. తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది, మీ ఆఫీసు నుంచి బస్సు కూడా ఉంది.

– ఒక విశ్రాంత న్యాయవాది, నల్లకుంట, హైదరాబాద్