పోయిన ఎండాకాలం మా షాపులో ఫిట్టెడ్ క్యాప్ కొన్నవాళ్లకు

సంక్రాంతి వెళ్లింది. ఇంకొన్నాళ్లలో అనంతపురం ఎండలు మొదలవుతాయి. కొత్త సరుకుకు ఆర్డర్ పెట్టేముందు, పోయిన ఎండాకాలం జరిగినదంతా మీకు చెప్పాలి.

2024 సెప్టెంబరులో మన ఆర్‌డీటీ స్టేడియంలో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచులు జరిగినప్పటి నుంచి టవర్‌క్లాక్ దగ్గరి మా షాపుకు కుర్రాళ్లు వచ్చి ఫిట్టెడ్ క్యాపులు అడగడం ఎక్కువైంది. వెనక పట్టీ, బకిల్ ఏమీ లేకుండా తల చుట్టూ పూర్తిగా మూసి ఉండే రకం ఇది. ఒక్కో తల సైజుకు ఒక్కో క్యాప్ విడిగా వస్తుంది. సరే, అడుగుతున్నారు కదా అని పోయిన ఎండాకాలానికి తెప్పించాను. బాగానే అమ్ముడుపోయాయి. కానీ కొన్నవాళ్లలో కొందరు వారం తిరక్కుండానే వెనక్కి తెచ్చారు. బిగుతుగా ఉందన్నవాళ్లందరికీ "వాడేకొద్దీ సాగుతుందిలే" అని చెప్పి పంపించాను. ఆ మాట తప్పు. నమ్మి వెళ్లిన ప్రతి ఒక్కరికీ క్షమాపణ చెప్పుకుంటున్నాను.

తప్పని నాకు తెలిసేలా చేసింది క్రికెట్ కోచింగ్‌కు వెళ్లే ఒక అబ్బాయి. "అన్నా, పొద్దున వేసుకుంటే బాగానే ఉంటాది. పదకొండు అయ్యేసరికి నుదురంతా పట్టేస్తాంది, తలనొప్పి వస్తాంది" అన్నాడు. క్యాప్ తీసి చూపించాడు. నుదుటి మీద ఎర్రగా గీత పడి ఉంది. టేపు తీసి తల కొలిచాను, 58.5 సెంటీమీటర్లు వచ్చింది. క్యాప్ మీద సైజు 7⅜ అని ఉంది, అంటే 58.7 ఉండాలి. లెక్క ప్రకారం ఆ అబ్బాయికి సరిగ్గా సరిపోవాల్సిన క్యాప్. అనుమానమొచ్చి క్యాప్ తిరగేసి లోపలి చెమట పట్టీ వెంబడి టేపు పెట్టాను. 57.5 మాత్రమే ఉంది.

ఆ రాత్రి షట్టర్ సగం దించి, నేనూ మా ఆవిడా మిగిలిన క్యాపులన్నీ ఒక్కొక్కటీ కొలిచాం. చాలావాటిలో రాసిన సైజు కంటే ఒక సెంటీమీటరు దాకా తక్కువ ఉంది. సరుకు పంపిన వ్యాపారికి ఫోన్ చేస్తే మొదట ఒప్పుకోలేదు, ఫొటోలు పంపాక కొన్ని వెనక్కి తీసుకున్నాడు. అతని సంగతి అటుంచితే, డబ్బు తీసుకుని మీ చేతికిచ్చింది నేను. అమ్మేముందు కొలవాల్సిన బాధ్యత నాదే. ఇరవై రూపాయల టేపు గల్లాపెట్టె పక్కనే ఉంది.

ఒక్క సెంటీమీటరుకే ఇంత బాధా అని కొందరు అడిగారు. ఫిట్టెడ్ సైజు ఎలా లెక్కిస్తారో తెలిస్తే మీకే అర్థమవుతుంది. తల చుట్టుకొలతను అంగుళాల్లో తీసుకుని 3.14తో భాగిస్తే వచ్చేదే ఆ సైజు. మన తల పూర్తిగా గుండ్రంగా ఉంటే దాని అడ్డుకొలత ఎంతో, అది. 7 అంటే 55.8 సెంటీమీటర్లు, 7⅛ అంటే 56.8, 7¼ అంటే 57.7, 7⅜ అంటే 58.7, 7½ అంటే 59.6. ఒక సైజుకూ పై సైజుకూ తేడా సుమారు ఒక్క సెంటీమీటరే. కాబట్టి సెంటీమీటరు తప్పితే, మీకు సరిపడేదానికి బదులు చిన్న సైజు అంటగట్టినట్టే.

చుట్టుకొలత ఒకటే అయినా కొందరి తల గుండ్రంగా ఉంటుంది, కొందరిది ముందుకూ వెనక్కూ పొడవుగా ఉంటుంది. పొడవు తల ఉన్నవాళ్లకు ఫిట్టెడ్ నుదుటి దగ్గర, వెనక నొక్కుతుంది, చెవులపైన మాత్రం వదులుగా నిలబడుతుంది. ఇది కొలిచినా తెలియదు. పెట్టుకుని పది నిమిషాలు షాపులోనే ఉంటే తెలుస్తుంది.

అసలు ఈ రకం బేస్‌బాల్ ఆటగాళ్ల కోసం పుట్టింది. అమెరికాలో న్యూ ఎరా కంపెనీ 1954లో 59ఫిఫ్టీ అనే ఫిట్టెడ్ మోడల్ తెచ్చింది. 1993 నుంచి అక్కడి పెద్ద బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్‌లో ఆడే జట్లన్నీ మైదానంలో ఆ కంపెనీ క్యాపులే పెట్టుకుంటున్నాయి. 1996లో సినిమా దర్శకుడు స్పైక్ లీ తన అభిమాన జట్టు న్యూయార్క్ యాంకీస్ క్యాప్‌ను నీలం బదులు ఎరుపులో చేసివ్వమని ఆ కంపెనీని అడిగి చేయించుకున్నాడు. ఆటతో సంబంధం లేనివాళ్లు కూడా రంగురంగుల ఫిట్టెడ్ క్యాపులు పెట్టుకోవడానికి అది పెద్ద ఊపునిచ్చింది. మన కుర్రాళ్లు ఫోన్లో చూసి అడిగేది ఆ రూపాన్నే. దాన్ని నేను తక్కువ చేయను. ముందు భాగం బక్రం అనే బిరుసు బట్టతో నిటారుగా నిలబడి, వెనక ఎక్కడా కోత లేకుండా ఉన్న క్యాప్ నిజంగా అందంగా ఉంటుంది. పరుగెత్తినా కదలదు. బస్సులో సీటుకు తల ఆనించి నిద్రపోతే వెనక బకిల్ గుచ్చుకోదు. కళ్యాణదుర్గం నుంచి రోజూ వచ్చే ఒక టీచర్‌గారు కేవలం ఈ కారణంతోనే ఫిట్టెడ్ కావాలన్నారు. ఆయన తలకు సరైన కొలత దొరికింది, ఇప్పటికీ అదే పెట్టుకుంటున్నారు.

కానీ మన ఊరి బతుకుకు, మన ఎండకు పట్టీ ఉన్న క్యాపే ఎక్కువమందికి సరిపోతుందని ఇప్పుడు గట్టిగా చెప్పగలను. చెమటకు తడిసి, ఆరి, మళ్లీ తడిసి, ఆదివారం వేడినీళ్లలో నానితే కాటన్ క్యాప్ ముడుచుకుంటుంది. పట్టీ ఉంటే ఒక వేలెడు వదులు చేసుకుంటాం. ఫిట్టెడ్‌లో ఆ వీలు లేదు. వెనకనున్న అర్ధచంద్రం లాంటి ఖాళీలోంచి కొంచెం గాలి కూడా ఆడుతుంది. జడ, పోనీటెయిల్ ఉన్న ఆడపిల్లలకు ఆ ఖాళీ చాలా అవసరం. పొద్దున ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు వాకింగ్‌కు వెళ్లే అక్కలు అదే చూసి కొంటారు. ఇక తిరుమల వెళ్లి గుండు చేయించుకుని వచ్చినవాళ్ల సంగతి చూడండి. జుట్టున్నప్పుడు సరిపోయిన ఫిట్టెడ్ గుండు మీద గిరగిరా తిరుగుతుంది, ఎండ కాచుకోవడానికి క్యాప్ అవసరమయ్యేది సరిగ్గా అప్పుడే. పిల్లలకైతే ఫిట్టెడ్ నేను అమ్మనే అమ్మను. ఏడాదికి తల పెరుగుతుంది, తల్లిదండ్రుల డబ్బు వృథా.

పట్టీల్లోనూ తేడాలున్నాయి. వెల్క్రో పట్టీ చవక, కానీ వెంట్రుకలు, దారాలు పట్టుకుని కొన్ని నెలలకు అంటుకోవడం మానేస్తుంది. ప్లాస్టిక్ గుండీల పట్టీ, కుర్రాళ్లు స్నాప్‌బ్యాక్ అంటారే, చూడ్డానికి బాగుంటుంది. బండి మీద, కారు అద్దం కింద ఎండలో పడేస్తే మాత్రం ప్లాస్టిక్ పెళుసుబారి ఒకరోజు పుటుక్కుమంటుంది. గుండీకీ గుండీకీ మధ్య కొలత కావాలన్నా దొరకదు. బట్ట పట్టీకి ఇనుప బకిల్ ఉన్నది నాకు అన్నిటికంటే నచ్చినది. ఎంత కావాలంటే అంత లాక్కోవచ్చు. బకిల్ ఊడినా దర్జీ దగ్గర పది నిమిషాల్లో కుట్టించుకోవచ్చు. ఎలాస్టిక్‌తో సాగే మూసిన రకం ఒకటి ఉంది. రూపం ఫిట్టెడ్‌లా ఉంటుంది, కొంచెం సర్దుకుంటుంది. ఎలాస్టిక్ కాలంతో వదులైపోతుందని తెలిసి కొనండి.

ఈ ఏడాది షాపులో ఎక్కువగా బట్ట పట్టీ, బకిల్ ఉన్న కాటన్ క్యాపులే ఉంటాయి. స్నాప్‌బ్యాక్ కొన్ని రంగుల్లో ఉంచుతాం. వెల్క్రో ఉన్న సరుకు అయిపోయాక మళ్లీ తేను. ఫిట్టెడ్ పూర్తిగా ఆపడం లేదు, కానీ అరల్లో పెట్టి అమ్మను. మీరు వచ్చి కొలిపించుకుంటే మీ సైజు తెప్పిస్తాను. వచ్చాక క్యాప్ లోపలి కొలత మీ ముందే టేపుతో తీస్తాను, తేడా ఉంటే మీరు తీసుకోనక్కర్లేదు, అడ్వాన్స్ వెనక్కి ఇస్తాను. ఇలా చేయడానికి నా ఇబ్బంది కూడా ఒకటుంది. ఫిట్టెడ్‌లో ఒక్క రంగు పెట్టాలన్నా ఏడెనిమిది సైజులు కొనాలి. మధ్య సైజులు ముందే అయిపోతాయి, మరీ చిన్నవీ మరీ పెద్దవీ మిగిలిపోయి డబ్బు ఇరుక్కుపోతుంది. మాది చిన్న షాపు, అంత మోయలేదు.

ఇంట్లోనే కొలుచుకుని ఫోన్లో చెప్పాలనుకునేవాళ్లు నుదుటి మధ్య నుంచి, చెవులకు ఒక వేలు పైన, వెనక తల ఉబ్బెత్తుగా ఉండేచోటు మీదుగా టేపు తిప్పండి. టేపు లేకపోతే సాగని దారం చుట్టి స్కేలు మీద పెట్టండి. రెండుసార్లు కొలిచి పెద్ద సంఖ్య చెప్పండి. రెండు సైజుల మధ్య ఉంటే పైదే తీసుకోండి. కొంచెం వదులైతే లోపలి పట్టీ వెనక సన్నటి బట్ట పెట్టి కుట్టొచ్చు. బిగుతుదాన్ని వదులు చేయడం కష్టం.

ఏ రకమైనా వాషింగ్ మెషిన్లో వేయకండి, కళ్లకు నీడనిచ్చే ముందు అంచు వంకరపోతుంది. చల్లటి నీళ్లు, కొంచెం సబ్బు, లోపలి పట్టీని పాత బ్రష్‌తో రుద్దితే కొబ్బరినూనె మరక కూడా వదులుతుంది. బోర్లించిన గిన్నె మీద పెట్టి నీడలో ఆరనివ్వండి. ఇంకొక మాట, హెల్మెట్ కింద క్యాప్ పెట్టుకోకండి. హెల్మెట్ తలకు అతుక్కుని కూర్చుంటేనే కాపాడుతుంది. క్యాప్ బ్యాగులో పెట్టుకుని, బండి దిగాక పెట్టుకోండి.

పోయిన ఎండాకాలం మా దగ్గర ఫిట్టెడ్ కొని ఇబ్బంది పడ్డవాళ్లు ఉగాది లోపు ఎప్పుడైనా రండి. బిల్లు లేకపోయినా పర్వాలేదు, క్యాప్ చూస్తే మాదేనని తెలుస్తుంది. వాడినదైనా, ఉతికినదైనా తీసుకుంటాను. బదులుగా పట్టీ క్యాప్ ఇచ్చి, ధరలో తేడా ఉంటే ఆ డబ్బు తిరిగిస్తాను. కోచింగ్‌కు వెళ్లే ఆ అబ్బాయికి నీలం రంగు బకిల్ క్యాప్ పక్కన పెట్టి ఉంచాను. అతని ఫోన్ నంబర్ నా దగ్గర లేదు. తెలిసినవాళ్లెవరైనా ఉంటే షాపుకు ఒకసారి రమ్మని చెప్పండి.