గేటు ఎవరిదో తేలని దేశం

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను కృష్ణా కాలవల మీద ముప్పై నాలుగేళ్లు లస్కర్‌గా పనిచేసి రిటైరయ్యాను. షట్టర్లు ఎత్తడం, దించడం, గ్రీజు పెట్టడం, వానాకాలం రాత్రుళ్లు టార్చిలైటు పట్టుకుని కట్ట మీద తిరగడం, ఇదే నా ఉద్యోగం. చదివింది పదో తరగతి. అయినా లిబియా వార్త పేపర్లో ఏ మూల కనబడినా చదవకుండా వదలను. దానికి కారణం అక్కడి డెర్నా అనే ఊరు.

2023 సెప్టెంబరు 10 అర్ధరాత్రి దాటాక ఆ ఊరి పైనున్న రెండు డ్యాములు తెగాయి. ఊరి నడిబొడ్డు సముద్రంలోకి కొట్టుకుపోయింది. వేలమంది పోయారు. తుపాను పెద్దదే, కాదనను. కానీ గండి పడిందంటే నాకు ముందు తట్టేది ఒక్కటే: ఆ కట్ట ఎవరి చార్జిలో ఉంది? 1970ల్లో యుగోస్లావియా కంపెనీ కట్టిన డ్యాములవి. (కట్టిన దేశమే ఇవాళ లేదు చూడండి, 1991 నుంచి ముక్కలైపోయింది.) రిపేరు కాంట్రాక్టు టర్కీ కంపెనీకి ఇచ్చారు. 2011లో యుద్ధం రాగానే పని ఆగిపోయింది, మళ్లీ మొదలవలేదు. 2014 తర్వాత దేశానికి రెండు ప్రభుత్వాలు, ట్రిపోలీలో ఒకటి, తూర్పున ఒకటి. డ్యాములు ప్రమాదంలో ఉన్నాయని అక్కడి యూనివర్సిటీ ఇంజనీరు ఒకాయన 2022లోనే రాశాడు. రాసి ఏం లాభం? ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్న సామెత ఊరికే పుట్టలేదు.

లెబనాన్‌లో బేరూట్ రేవులోనూ ఇంతే. 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్, పేలే గుణమున్న ఎరువు, ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉంది. దాన్ని ఏం చేయమంటారని కస్టమ్స్ వాళ్లు కోర్టుకి ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. 2020 ఆగస్టు 4న పేలింది.

నా సర్వీసులో ఇలాంటిదే చిన్నది చూశాను. రెండు సెక్షన్ల సరిహద్దులో ఒక లాకు ఉండేది. గ్రీజు డబ్బా అడిగితే ఈ ఆఫీసు ‘అది వాళ్లది’ అనేది, ఆ ఆఫీసు ‘మీది’ అనేది. రెండేళ్లు అలాగే గడిచింది. ఒకసారి వరదకి షట్టరు బిగుసుకుపోయి నలుగురం గునపాలతో తన్ని ఎత్తాం. నా ఎడమచేతి చిటికెన వేలు ఇప్పటికీ వంగదు. నయం, అది చిన్న కాలవ, పక్కన పొలాలే ఉన్నాయి.

డెర్నా మునిగిన ఏడాదే, నవంబరు 30న, మనమూ ఒక మెట్టు దిగాం. సాగర్ డ్యాం మీద 26 గేట్లుంటే మన పోలీసులు వెళ్లి 13 చేతిలోకి తీసుకున్నారు, మధ్యలో కంచె వేశారు. అవతల తెలంగాణ పోలీసులు. కుడి కాలవకి నీళ్లు వదిలారని గుంటూరు నుంచి మా వియ్యంకుడు ఫోన్ చేసి సంబరపడ్డాడు. నాకు మాత్రం టెన్షన్‌తో నిద్రపట్టలేదు. డ్యాముకి కంచె వేయడం నా జన్మలో చూడలేదు. తర్వాత ఢిల్లీ కలగజేసుకుని సీఆర్పీఎఫ్‌ని పెట్టింది. లిబియాలో అలా మధ్యకొచ్చే మూడోవాడు లేడు, మనకి ఉన్నాడు. తేడా అక్కడే ఉంది.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలో మా సింగ్‌నగర్ మీద పడింది. గేట్లు ఎవరు ఎప్పుడు ఎత్తారన్న గొడవ మా వీధిలో ఇంకా తెగలేదు, దాంట్లోకి పోను. మేం మేడ మీద ఉంటే పడవలో ఎన్డీఆర్ఎఫ్ కుర్రాడొచ్చి పాల ప్యాకెట్లు అందించాడు. తెలుగు ఒక్క ముక్క రాదు, ‘అంకుల్, పానీ?’ అన్నాడు. గండ్లు పూడ్చడానికి ఆర్మీ దిగింది. కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీకి ఎన్నడూ లేనంతగా 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చి, బోట్లు గేట్ల కౌంటర్‌వెయిట్లని (గేటు బరువుకి సరితూగే దిమ్మలు) గుద్దితే రోజుల్లో కొత్తవి బిగించారు.

మా టీకొట్టు దగ్గర కుర్రాళ్లు ‘గట్టి మనిషి ఒకడుంటే దేశం దానంతటదే బాగుపడుద్ది తాతా’ అంటారు. లిబియాని ఏలిన గడాఫీ 42 ఏళ్లు గట్టిగానే ఉన్నాడు. ఆయన పోయాక ఏ ఆఫీసూ నిలబడలేదు. మన సంగతి చూడండి. 1952లో కృష్ణ మీద పాత ఆనకట్టకి గండి పడినప్పుడు మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. బ్యారేజీ పని మొదలైన 1954కి ఆంధ్ర రాష్ట్రంలో ఉన్నాం. 1957లో పూర్తయ్యేసరికి ఆంధ్రప్రదేశ్ అయ్యాం. అయిదేళ్లలో మూడు రాష్ట్రాలు, మధ్యలో ఎన్ని తిట్లు, ఎన్ని నిరాహార దీక్షలు! పని మాత్రం ఆగలేదు. రాష్ట్రం పేరు మారినా మేస్త్రీకి కూలి అందింది, ఇంజనీరు కుర్చీలో ఎవరో ఒకరు కూర్చున్నారు.

అందుకే ఒక మనవి. ఎండాకాలం కాలవలు కట్టేశాక మీ విలేకరిని ఒక్కసారి లాకుల వెంట పంపండి. ప్రతి చోటా ‘ఇది ఎవరి చార్జి, గ్రీజు ఎప్పుడు పెట్టారు’ అని అడిగి, వచ్చిన జవాబు వచ్చినట్టు వేయండి. జవాబు చెప్పేవాడు దొరకని లాకు పేరు పెద్దక్షరాల్లో వేయండి. దారి చూపించడానికి నేనొస్తాను. మోకాళ్ల నొప్పులు, బండెక్కించుకుంటే చాలు.

— ఒక రిటైర్డ్ లస్కర్,
అజిత్‌సింగ్ నగర్, విజయవాడ